ఎడిటరమ్మ ఎన్నిక, న్యూట్రల్ ఇంజినీరు

ఆ గురువారం పొద్దున పేపర్ ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి చక్రధర్ బూట్లకు అరకిలో మంచు, ముక్కు మీద కిలో కోపం ఉన్నాయి.

చేతిలో ఆ వారం 'సీడర్ బెండ్ మెసెంజర్'. మొదటి పేజీలో సగం మేర ఒకటే ఫొటో. రోడ్ల మీద మంచు తోసే టౌన్ వాళ్ళ పెద్ద బండి, లైబ్రరీ ఎదురుగా రోడ్డు పక్క గోతిలోకి ఒరిగి నిలబడి ఉంది. పైన బండంత అక్షరాల్లో హెడ్డింగ్: 'మన మంచు బండిని ఎవరు తీస్తారు?'

ఆ బండీ, ఆ రోడ్డూ, ఆ గొయ్యీ అన్నీ చక్రధర్ లెక్కలోవే. ఒంటారియోలో, కనాటా నుంచి పడమటికి గంటన్నర డ్రైవ్ చేస్తే వచ్చే ఎనిమిది వేల జనాభా ఊరది. దాని మునిసిపాలిటీలో రోడ్ల ఇంజినీరుగా చేరి అతనికి మూడు వారాలే అయింది. మూడు వారాలకే ఊరందరి ముందూ పరువు గోతిలో పడింది.

కౌంటర్ దగ్గర ముగ్గుబుట్టలాంటి తలతో మార్జరీ అనే పెద్దావిడ నవ్వుతూ పలకరించింది. "ఎడిటర్ ఫోన్లో ఉంది. కూర్చోండి."

కూర్చునే ఓపిక అతనికి లేదు. టొరంటో పక్క మార్కమ్‌లో ఉన్న స్నేహితుడు రేవంత్‌కి ఫోన్ కొట్టాడు. ఇక్కడ ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమాతో గొంతు కూడా తగ్గించలేదు.

"అరే, ఈ ఎడిటరమ్మ ఎవరో గానీ, ఇంట్ల వెచ్చగ కూసొని, కిటికీలకెల్లి ఫొటో తీసి పేపర్ల ఏసిందిరా! ఒక్కసారి మైనస్ ఇరవైల నిలబడితే తెలుస్తది ఆమెకు..."

"కిటికీలోంచి కాదండీ," అంది చెక్క పార్టిషన్ వెనకనుంచి ఒక గొంతు. "మైనస్ ఇరవైలోనే నిలబడి తీశాను. నా వేళ్ళు ఇంకా నా మాట వినట్లేదు."

చక్రధర్ ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. అందులోంచి రేవంత్ "ఎవర్రా, ఎవర్రా?" అని అరుస్తున్నాడు.

పార్టిషన్ పక్కనుంచి ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. జుట్టు ముడిలో పెన్సిలు, స్వెటర్ మోచేతి మీద ఇంకు మరక, కళ్ళలో ఆపుకుంటున్న నవ్వు.

"మీరు... తెలుగా?"

"సుధామయి. మాది బాపట్ల. పదేళ్ళప్పుడు అమ్మావాళ్ళతో మార్కమ్ వచ్చాను. 'ఇంట్ల కూసొని' అన్నారు కాబట్టి మీరు ఎటువైపో నేను చెప్పగలను."

"హనుమకొండ," అన్నాడు దొంగ దొరికినట్టు. అంతలోనే తను కోపంగా వచ్చిన సంగతి గుర్తొచ్చింది. "చూడండి, ఆ బండి గోతిల పడలే. ఆంబులెన్స్‌కు దారి ఇయ్యనీకి డ్రైవరే కావాలని పక్కకు దింపిండు. ఆ ఆంబులెన్స్‌ల డెలివరీకి పోతున్న ఆమె ఉండె."

సుధామయి కళ్ళలో నవ్వు ఠక్కున ఆగిపోయింది. "ఆవిడకి ఏమైంది?"

"పాప. ఏడు పౌండ్లు."

"డ్రైవర్ పేరేంటి? ఇప్పుడు ఎక్కడుంటాడు?"

"యార్డ్‌ల. ఎందుకు?"

"నేను వెళ్ళి అడగాలిగా. మీరు చెప్పారని రాయను. మొన్న కళ్ళతో చూశాను కదా అని, ఎవర్నీ అడక్కుండా రాయడమూ తప్పే." కోటు తొడుక్కుంటూనే అంది. "దారి చూపించండి, ఇంజినీర్ గారూ."

ఆ రోజు ఆమె డ్రైవర్‌తో గంట మాట్లాడింది. ఆసుపత్రికి వెళ్ళి బాలింతతో మాట్లాడింది. చక్రధర్ మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోలేదు. సవరణ అంటే ఏడో పేజీలో, సుడోకు కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారని అతనికి తెలుసు.

మరుసటి గురువారం మొదటి పేజీలో, అంతే పెద్ద ఫొటో. పాపని ఎత్తుకున్న డ్రైవర్. పైన అంతే పెద్ద అక్షరాల్లో: 'తప్పు మాది.'

చక్రధర్ ఆ వార్తని నాలుగుసార్లు చదివాడు. మూడుసార్లు విషయం కోసం. నాలుగోసారి, చివర ఉన్న 'సు' కోసం. ఇంగ్లీషులో అది ఒట్టి 'ఎస్' అయినా అతను 'సు' అనే చదువుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి గురువారం అతను ఆ ఆఫీసుకు వెళ్ళి పేపర్ కొనుక్కునేవాడు. మునిసిపల్ ఆఫీసుకు ఐదు కాపీలు ఉచితంగా వస్తాయని మార్జరీకి తెలుసు. అయినా ఆ మహాతల్లి ఏమీ అనేది కాదు, రెండో కప్పులో కాఫీ పోసేది.

ఒకసారి సర్వపిండి చేసి తీసుకెళ్ళాడు. సుధామయి తిని, మెచ్చుకుని, 'మన ఊరి వంటలు' శీర్షికలో దాన్ని 'తెలంగాణ పాన్‌కేక్' అని రాసింది. గురువారం తెల్లారేసరికి చక్రధర్ కౌంటర్ దగ్గర ఉన్నాడు.

"పాన్‌కేకా? మధ్యల చిల్లులు పెట్టి, నువ్వులు, పల్లీలు ఏసి, గంజుల ఒత్తి చేస్తే పాన్‌కేకా?"

"సవరణ వేయమంటారా?"

"మొదటి పేజీల."

"దానికి ముందు నేను స్వయంగా చూసి నిర్ధారించుకోవాలి. ఆదివారం మీ వంటింటికి రావచ్చా?"

మార్జరీకి తెలుగు రాదు, కానీ చక్రధర్ చెవులు ఎర్రబడటం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఆవిడ టైపు చేయడం ఆపేసి మరీ చూసింది.

మార్చి నెలాఖరులో ఊళ్ళో ఒక వార్త గుప్పుమంది. ఆ నియోజకవర్గం నుంచి ఇరవై ఏళ్ళుగా ఒంటారియో శాసనసభలో కూర్చుంటున్న పెద్దాయన ఆరోగ్యం బాగోలేక రాజీనామా చేశాడు. మే మూడో గురువారం ఉపఎన్నిక.

మర్నాటినుంచే మెసెంజర్ ఆఫీసుకు జనం రావడం మొదలుపెట్టారు. రైతులు, నర్సులు, స్కూల్ బస్ డ్రైవర్లు. ఆసుపత్రిలో ఎమర్జెన్సీ శని, ఆదివారాలు మూసేస్తుంటే, వదలకుండా ఏడాది పొడుగునా ప్రతి వారం రాసింది సుధామయి ఒక్కతే. "రాసింది చాలు, వెళ్ళి అక్కడ మాట్లాడు," అన్నారు వాళ్ళు. తర్వాత ఒక పార్టీ వాళ్ళూ వచ్చి అదే మాట అన్నారు.

ఆ సాయంత్రం ఆమె చక్రధర్‌ని నది మీది పాత బ్రిడ్జి దగ్గరకు రమ్మంది. రెండేళ్ళుగా బరువు బళ్ళు రాకుండా సగం మూసేసిన బ్రిడ్జి అది. కింద మంచు పలకలు పగిలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.

"నిలబడనా?" అంది.

"నిలబడండి."

"ఓడిపోతే?"

"పేపర్ ఉన్నది గదా."

"గెలిస్తే?"

గెలిస్తే వారంలో నాలుగు రోజులు టొరంటోలో ఉంటుంది. ఐదు గంటల డ్రైవ్. గురువారాలు ఉండవు. చక్రధర్ ఇదంతా ఒక్క క్షణంలో లెక్కేసి, బయటికి మాత్రం, "గెలిస్తే ఈ బ్రిడ్జి సంగతి చూడండి," అన్నాడు.

ఆమె అతని వంక అదోలా చూసింది. ఇంకేదో మాట కోసం ఎదురుచూసిన చూపు. ఆ చూపు అర్థం కావడానికి చక్రధర్‌కి ఇంటికెళ్ళి అన్నం తినేదాకా పట్టింది. అప్పటికి ఆమె నామినేషన్ కాగితాలు నింపేస్తోంది.

ఎడిటర్ కుర్చీ మార్జరీకి అప్పగించి సుధామయి ప్రచారానికి దిగింది. అదే రోజు మునిసిపాలిటీలో అందరికీ ఒక ఈమెయిల్ వచ్చింది. ఎన్నికయ్యేదాకా ఉద్యోగులు ఎవరి పక్షమూ వహించకూడదు. బ్యాడ్జీ పెట్టుకోకూడదు, కరపత్రాలు పంచకూడదు, అభ్యర్థి పక్కన ఫొటో దిగకూడదు.

చక్రధర్ రూలంటే రూలే అనే మనిషి. ఆమె ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళేవాడు. కళ్ళు మాత్రం ఇవతలి పక్కనే ఉండేవి. అలా చూస్తూ నడిచి ఒకసారి పోస్టు డబ్బాకి గుద్దుకున్నాడు.

"ఇంజినీర్ గారూ!" అంది ఆమె రోడ్డుకి ఇవతలనుంచి, నవ్వు ఆపుకోలేక. "కాఫీ కూడా న్యూట్రలేనా?"

"పాలు, చక్కెర సమానం!"

హనుమకొండ నుంచి వాళ్ళమ్మ కనకదుర్గ ఫోన్ చేసినప్పుడూ ఇదే గోల.

"ఎవర్రా ఆ పిల్ల? ఎంపీపీకి నిలబడ్డదంటవు, అక్కడ కూడ మండలాలున్నయా?"

"మండలాధ్యక్షురాలు కాదమ్మా. ఇక్కడ ఎంపీపీ అంటే మన ఎమ్మెల్యే అసొంటిది."

"మంచిదే. మరి ఎమ్మెల్యేకు నిలబడ్డ పిల్ల ముచ్చట నెల రోజుల సంది నాకెందుకు చెప్తున్నవ్?"

చక్రధర్ "సిగ్నల్ పోతుందమ్మా," అన్నాడు. సిగ్నల్ నిక్షేపంలా ఉంది.

ఏప్రిల్లో ఒకరోజు కిరాణా కొట్టు ముందు సుధామయి కరపత్రాలు పంచుతూ అతన్ని పట్టేసింది. ఈసారి రోడ్డు దాటే వీల్లేకపోయింది.

"ఒక్కటి చెప్పండి. నాకు ఓటేస్తారా?"

అతనికి అసలు ఓటే లేదు. ఎనిమిదేళ్ళుగా దేశంలో ఉన్నా ఇంకా పీఆర్ మీదే, అంటే శాశ్వత నివాసపు అనుమతి మీదే ఉన్నాడు. సిటిజన్‌షిప్ టెస్ట్ పాసయ్యాడు గానీ, ప్రమాణం చేయించే తేదీ ఇంకా రాలేదు. ఇంత ఊరు ఆమె వెనక నిలబడితే, తను ఒక్క కాగితం ముక్క కూడా ఆమె పేరు మీద వేయలేడు. ఆ మాట చెప్పడానికి నామోషీగా అనిపించింది.

"అది... చెప్పలేనండి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఓహో," అంది ఆమె. ఆ 'ఓహో'లో నవ్వు లేదు.

ఆ వారమే చక్రధర్ ఉండే ఇంటి ముందు ప్రత్యర్థి పేరుతో ఒక బోర్డు వెలిసింది. పైన ఉండే ఇంటి ఓనర్ పాతాడు. బేస్‌మెంట్‌లో అద్దెకుండే చక్రధర్ ఆ బోర్డుని చూశాడు, రోడ్డు అంచునుంచి మీటరు దూరం ఉందో లేదో కొలిచాడు, ఉందని తృప్తి పడి ఆఫీసుకెళ్ళాడు. అది ఇంకొకరికి ఎలా కనిపిస్తుందో అతనికి తట్టనే లేదు.

అంతే, ఆమె పలకరింపులు ఆగిపోయాయి. అతను రోడ్డుకి అవతల ఉంటే ఇటు తల తిప్పడం మానేసింది. ప్రచారంలో అలిసిపోయి ఉంటుందనుకున్నాడు. తర్వాత, ఎమ్మెల్యే కాబోతోందిగా అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనుకోలేక, ఊళ్ళో గుంతలన్నీ పూడ్పించాడు. ఆ వసంతంలో సీడర్ బెండ్ రోడ్లు అద్దాల్లా ఉన్నాయని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఎన్నిక ఇంకా పది రోజులుందనగా ఆమె కొత్త కరపత్రం అతని తలుపు సందులోంచి పడింది. 'గెలిపిస్తే ఏడాదిలో కొత్త బ్రిడ్జి.'

చక్రధర్ లేచి నిలబడ్డాడు. ఏడాదిలో ఆ బ్రిడ్జి కట్టడం అయ్యే పని కాదు. చేపలు గుడ్లు పెట్టే నెలల్లో నదిలో అడుగు పెట్టకూడదు, చలికాలంలో కాంక్రీటు పోయలేం. మూడేళ్ళు పడుతుందని టౌన్ కౌన్సిల్ ముందు పెట్టిన రిపోర్టులోనే ఉంది. అది ఎవరైనా చదవగల రిపోర్టు. దాన్ని చంకలో పెట్టుకుని నేరుగా ఆమె ప్రచార ఆఫీసుకు వెళ్ళాడు.

"ఈ మాట తీసేయండి. ఏడాదిల కాదు."

సుధామయి తలెత్తలేదు. "మా పార్టీ వాళ్ళు కనుక్కునే రాశారు."

"మీరు కనుక్కున్నరా?"

అప్పుడు తలెత్తింది. కళ్ళు ఎర్రగా, నిద్ర లేనట్టున్నాయి. "మీరు న్యూట్రల్ కదా ఇంజినీర్ గారూ! నాకు ఓటేస్తానని ఒక్క మాట అనడానికి నోరు రాదు. నన్ను తప్పు పట్టడానికి మాత్రం పరిగెత్తుకొచ్చారు."

"తప్పు పట్టనీకి కాదు. రేపు మీరు పడొద్దని..."

"నా సంగతి మీకెందుకండీ?"

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఒక్కటే ఉంది. ఆరుగురు వాలంటీర్ల ముందు అది చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. "నలభై ఒకటో పేజీ చూడండి," అని రిపోర్టు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

నాలుగు రోజుల తర్వాత టౌన్ హాల్లో అభ్యర్థుల చర్చ. కుర్చీలు చాలక జనం గోడల వెంబడి నిలబడ్డారు. చక్రధర్ అందరికన్నా వెనక, కోట్లు తగిలించే స్టాండ్ పక్కన, తనూ ఒక కోటులా నిలబడ్డాడు.

పాల ట్యాంకర్ నడిపే ఒకాయన లేచి అడిగాడు. "బ్రిడ్జి మూసేశాక రోజూ నలభై కిలోమీటర్లు చుట్టూ తిరుగుతున్నాను. ఏడాదిలో కడతామన్నారు. నిజమేనా?"

సుధామయి మైకు ముందుకు వచ్చింది. చేతిలో ఆ రిపోర్టు ఉంది.

"కాదు. ఏడాది అని నా కరపత్రంలో ఉంది. కనుక్కోకుండా నా పేరు మీద పోనిచ్చాను, తప్పు చేశాను. మూడేళ్ళు పడుతుంది."

ప్రత్యర్థి ముఖంలో పండగ. ముందు వరుసలో ఆమె పార్టీ మనిషి తల పట్టుకున్నాడు.

"మరి మీకు ఓటెందుకు వేయాలి?" అన్నాడు ట్యాంకర్ ఆయన.

"మూడేళ్ళూ, ప్రతి నెలా, ఎంత పనయిందో ఇదే హాల్లో నిలబడి చెప్తాను. పని కాకపోతే అదీ చెప్తాను, ఎవరు ఆపారో పేరు పెట్టి మరీ. ఏడాదిలో అయిపోతుందని చెప్పి మీ చేత ఓటేయించుకుని, తర్వాత మీకు మొహం చాటేయడం నావల్ల కాదు." ఆమె రిపోర్టు మూసేసింది. "ఓడిపోయినా ఫరవాలేదు."

వెనకనుంచి టపటపా చప్పట్లు. ఒక్కడే కొడుతున్నాడు.

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. చక్రధర్‌కి తను న్యూట్రల్ అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, రెండు చేతులూ గబుక్కున జేబుల్లో దాచేసుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మార్జరీ పగలబడి నవ్వింది. ఆ నవ్వు వరసలు వరసలుగా పాకి, చివరికి ట్యాంకర్ ఆయన కూడా నవ్వి, కూర్చుని, చప్పట్లు కొట్టాడు.

వేదిక మీద సుధామయి మాత్రం నవ్వలేదు. అర్థం కాని లెక్కని చూసినట్టు, అతన్నే చూస్తూ ఉండిపోయింది.

పోలింగు గురువారం గడిచింది. సుధామయి నూట ఎనభై ఆరు ఓట్ల తేడాతో గెలిచింది.

శుక్రవారం పొద్దుటినుంచీ వాన. చిరపుంజి దారి తప్పి ఒంటారియో వచ్చినట్టు ఒకటే వాన. రోడ్డు పక్కన మిగిలిపోయిన ప్రచార బోర్డులు గాలికి లేచి కార్ల మీద పడకుండా తీయించడం మునిసిపాలిటీ పని. చక్రధర్ ట్రక్కు వేసుకుని తనే బయల్దేరాడు.

బ్రిడ్జి దగ్గర ఒక కారు ఆగి ఉంది. పక్కన బురదలో, నీలం రెయిన్‌కోటులో, కొత్త శాసనసభ్యురాలు తన పేరున్న బోర్డుని రెండు చేతులా పట్టుకుని పీకుతోంది. అది రావట్లేదు.

"ఆగండి," అని అతను దిగాడు. "అట్ల కాదు, కొంచెం ఊపి లాగాలె."

"నా బోర్డు నేను తీసుకుంటాను. మీరు మీ ఇంటి ముందుది తీసుకోండి."

"మా ఇంటి ముందు ఏమున్నది?"

"మీరు ఎవరికి ఓటేశారో ఊరంతటికీ చెప్తున్న బోర్డు!"

నెల రోజుల చలి ఎక్కడినుంచి వీచిందో చక్రధర్‌కి అప్పుడు తెలిసింది.

"అది ఓనర్‌దండి! నేను కింద అద్దెకుంటున్న. నేను దాన్ని... ఒట్టిగ కొలిచిన."

"కొలిచారా?"

"మీటరు దూరం ఉండాలె గదా."

సుధామయి అతని వైపు తిరిగింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో వానలో తెలియలేదు. "మరి ఓటు అడిగితే చెప్పలేనన్నారు?"

"ఓటే లేకుండె. ఎట్ల చెప్పాలె? మంగళవారం పొద్దున బేస్‌మెంట్‌ల, టై కట్టుకొని, లాప్‌టాప్ ముందట చెయ్యెత్తి సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన. గురువారం పోలింగు తెరవకముందే లైన్ల నిలబడ్డ. నా ముందట ఎవ్వరు లేరు." గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. "నా జీవితంల మొదటి ఓటు అది. ఇగ ఎలక్షన్ అయిపోయింది సుధామయి గారూ. నేను న్యూట్రల్ కాదు. ఎన్నడూ లేను. ఆంబులెన్స్ సంగతి చెప్తుంటే 'ఆవిడకి ఏమైంది' అని అడిగిండ్రు చూడండి, అప్పటి సంది లేను."

వాన ఇంకా గట్టిగా కురిసింది. ఆమె బోర్డు వదిలేసి, తడిసిన చేత్తో అతని తడిసిన చేయి పట్టుకుంది.

కారు హారన్ మోగింది. అద్దం దిగి, సుధామయి వాళ్ళమ్మ విశాలాక్షి తల బయటికొచ్చింది. కూతురి గెలుపు చూడటానికి మార్కమ్ నుంచి వచ్చి వారమైంది ఆవిడకి.

"ఏమే సుధా, గెలిచిన మర్నాడే న్యుమోనియా తెచ్చుకుంటావా? కారులో కూర్చుని పట్టుకోకూడదా ఆ చెయ్యి?"

చక్రధర్ చేయి లాక్కోబోయాడు. సుధామయి వదల్లేదు.

"టౌన్ హాల్లో చప్పట్లు కొట్టింది ఈ అబ్బాయేనా?"

"నమస్తే ఆంటీ," అన్నాడు నీళ్ళు కారుతూ.

"కొట్టినందుకు కాదు గానీ బాబూ, చేతులు జేబులో దాచుకున్నావు చూడు, అప్పుడే నచ్చావు. ఎక్కండి ఇద్దరూ."

వెనక సీట్లో ఇద్దరూ ఎక్కారు. సీట్ల నిండా నీళ్ళు. సుధామయి జుట్టు పిండుకుంటూ, బయటి వాన వంక చూస్తూ, మామూలు విషయం చెప్తున్నట్టు చెప్పింది.

"కొత్తగా గెలిచినవాళ్ళు ఒక ఫారం నింపాలట. అందులో జీవిత భాగస్వామి పేరు, ఉద్యోగం అని ఒక గడి ఉంది."

"లేకపోతే ఖాళీగ వదిలేయొచ్చేమో," అన్నాడు చక్రధర్.

"ఎనిమిదేళ్ళు పేపర్ నడిపానండీ. ఖాళీ జాగా చూస్తే నాకు నిద్ర పట్టదు."

"నా పేరుకు... పెద్ద జాగనే పడుతది."

"సరిపోతుందో లేదో కొలుచుకుందురు గాని."

ముందు సీట్లోంచి విశాలాక్షి వెనక్కి తిరిగింది. అప్పటికే ఫోను చేతిలో ఉంది, కళ్ళజోడు ముక్కు చివర ఉంది. "హనుమకొండలో ఇప్పుడు రాత్రి ఎనిమిదవుతుంది. భోజనాలై ఉంటాయి. మీ అమ్మగారి నంబర్ చెప్పు బాబూ."

ఊళ్ళో ప్రతి రోడ్డు వెడల్పూ, ప్రతి కల్వర్టు నంబరూ నిద్రలో లేపి అడిగినా చెప్పగల చక్రధర్ నోరు తెరిచాడు. "తొమ్మిది... ఎనిమిది..." అన్నాడు. తర్వాతేమిటో ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.